ఏడు హాలీలు, ఆరు కల్దార్లు: పాలమూరు నేల మీద రెండు రూపాయల చరిత్ర

(మహబూబ్‌నగర్‌లో చేసిన సురవరం ప్రతాపరెడ్డి స్మారకోపన్యాసం పాఠం)

సురవరం ప్రతాపరెడ్డి గారి పేరిట, ఆయన పుట్టి పెరిగిన సీమలోనే మాట్లాడే అవకాశం దక్కడం నాకు గౌరవం. బాధ్యత కూడాను. 1952లో వనపర్తి ప్రజలు ఆయనను శాసనసభకు ఎన్నుకున్నారు. మరుసటి ఏడాదే ఆయన కన్నుమూశారు. 1955లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చేనాటికి అందుకోవడానికి ఆయన లేరు. తెలుగుకు దక్కిన తొలి అకాడమీ పురస్కారం అది.

ఆ పుస్తకంలో ప్రతాపరెడ్డి గారు రాజుల వంశవృక్షాలను పక్కకు పెట్టి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు, ఏం అమ్మి ఏం కొన్నారు అని అడిగారు. ఆ దారిలోనే నడిచి, ఈ జిల్లా జనం మొలకు కట్టుకున్న డబ్బును గురించి మాట్లాడదామనుకున్నాను. మన తాతల కాలంలో ఈ నేల మీద రెండు రూపాయలు నడిచేవి. ఒకటి నిజాం ప్రభుత్వం ముద్రించిన హాలీ సిక్కా. తర్వాత దాన్నే ఉస్మానియా సిక్కా అన్నారు. రెండోది బ్రిటిష్ ఇండియా రూపాయి, జనం నోట కల్దారు. దస్తావేజుల్లో మొదటిదానికి ఓ.ఎస్. అనీ, రెండోదానికి బి.జి. అనీ, చివరి రోజుల్లో ఐ.జి. అనీ రాసేవారు. రెంటి మధ్య సర్కారు ధర, వంద కల్దార్లకు నూట పదహారు రూపాయల పది అణాల ఎనిమిది పైసల హాలీ. నోటిలెక్కకు లొంగేలా చెప్పాలంటే ఆరు కల్దార్లకు ఏడు హాలీలు.

ఈ ఏడుకు ఆరు అన్న లెక్కను మన చరిత్రకారులు ఎక్కువగా రాజ్యాంగ హోదాకు సంబంధించిన విషయంగానే చూశారు. సొంత నాణెం, సొంత తపాలా బిళ్ల, సొంత రైలు ఉన్న సంస్థానమని హైదరాబాదును వర్ణించి ఊరుకున్నారు. నేను ఈ రోజు వేరే సంగతి మీ ముందు పెట్టదలచాను. హాలీ రూపాయికి ఆ ధర పలకడానికి చార్మినార్ బొమ్మ కారణం కాదు, ఆ బొమ్మ వేసిన వెండి కూడా పూర్తి కారణం కాదు. ఆ ధరను నిలబెట్టింది నల్లగొండ, మహబూబ్‌నగర్ చల్క నేలల్లో పండిన ఆముదాలు, పల్లికాయ, ఇక్కడి నుంచి వలస పోయిన చేతుల కష్టం. నిలబెట్టినవారికే ఆ ధర పూర్తిగా అందలేదు.

కథ కొంచెం వెనక నుంచి మొదలుపెట్టాలి. విజయనగరం, గోల్కొండ కాలాల్లో దక్షిణాదిన పెద్ద లావాదేవీలకు బంగారమే ఆధారం. వరహాలు, హొన్నులు చెల్లేవి. ఉత్తరాది నుంచి మొగలులతో వెండి రూపాయి దిగింది. కృష్ణ, తుంగభద్రల మధ్య నేల ఈ రెండు వ్యవస్థల కూడలిలో చాలాకాలం ఉంది. 1818లో కంపెనీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో వరహాను దించి, వరహాకు మూడున్నర రూపాయల లెక్కన వెండి రూపాయిని పీటమీద కూర్చోబెట్టింది. 1835లో తన ఏలుబడి అంతటికీ ఒకే రూపాయి అంది: 180 గ్రెయిన్ల బరువు, పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. యంత్రం మీద అచ్చయిన నాణెం గనుక దానికి కల్దారు అన్న పేరు నిలిచింది.

నిజాం రాజ్యంలో అప్పటికి ఒకే రూపాయి అన్నది లేదు. టంకశాల హక్కును గుత్తకు ఇచ్చేవారు. ఔరంగాబాదులో పార్శీ సావుకారు పెస్తన్‌జీ అచ్చు వేయించిన రూపాయలకు ఆయన పేరే పడి పెస్తన్‌షాహీ అయ్యాయి. గోవింద్‌బక్షీ రూపాయలు వేరు, ఊరూరా చెలామణి రూపాయలు వేరు. ఇంత దూరం పోనక్కరలేదు. నారాయణపేటలో టంకశాల ఉండేది. గద్వాల సంస్థానం నాణేలు వేసింది, వనపర్తి సంస్థానమూ వేసింది. అంటే ఇప్పటి మూడు జిల్లా కేంద్రాల్లో ఒకప్పుడు సుత్తి దెబ్బల కింద రూపాయలు తయారయ్యేవి. ఒక సంస్థానం రూపాయిని పక్క సంస్థానంలో చెల్లించాలంటే షరాబు దగ్గరికి పోక తప్పదు. అతను రూపాయిని రాతిపలక మీద వేసి మోత వింటాడు, అంచు గీకి చూస్తాడు, తూస్తాడు, వట్టం తీసుకుని మిగతాది చేతిలో పెడతాడు. మారకపు రేటు అన్న మాట పుస్తకాల్లోకి రాకముందే వట్టం అన్న మాట ఈ పల్లెలకు తెలుసు. రైతు చేతికి వచ్చిన ప్రతి నాణెమూ పూర్తి రూపాయి కాదన్న ఎరుక అప్పటి నుంచీ ఉన్నదే.

1853లో దివాను పదవికి వచ్చిన మొదటి సాలార్‌జంగు ఈ అరాచకాన్ని గట్టుకు తెచ్చారు. గుత్త టంకశాలలను, సంస్థానాల టంకశాలలను మూయించి, రాజధానిలో అచ్చయ్యే నాణేన్ని రాజ్యమంతటికీ ప్రమాణం చేశారు. అదే హాలీ సిక్కా. ఇక్కడ ఒక తేదీ గుర్తుంచుకోదగ్గది. 1857 వరకు ఆసఫ్‌జాహీ నాణేల మీద ఢిల్లీ మొగలు పాదుషా పేరే ఉండేది. సిపాయిల తిరుగుబాటు అణగి బహదూర్‌షా పదవి పోయాక గానీ నిజాం పేరు నాణెం మీదికి రాలేదు. హైదరాబాదు తన స్వాతంత్ర్యానికి చిహ్నంగా చూపుకున్న రూపాయి ఆ విధంగా బ్రిటిష్‌వారి విజయం తర్వాతే నిజాం పేరుతో అచ్చయింది. ఈ వైరుధ్యం హాలీ సిక్కాను చివరి దాకా వదలలేదు.

ఇరవై ఏళ్లకు పైగా రెండు రూపాయలూ వెండి బలం మీదే నడిచాయి. ఏ రూపాయిలో ఎంత వెండి ఉందో దాన్నిబట్టే మారకం. 1870ల నుంచి ప్రపంచంలో వెండి ధర పడిపోసాగింది. జర్మనీ బంగారు ప్రమాణానికి మారడం, అమెరికా గనుల్లో కొత్త వెండి పొంగుకు రావడం దీనికి కారణాలు. లండనుకు పౌన్లలో చెల్లింపులు చేయవలసిన భారత ప్రభుత్వం గుక్కతిప్పుకోలేక, 1893 జూన్ 26న తన టంకశాలలను ప్రైవేటు వెండికి మూసేసింది. ఆనాటి నుంచి కల్దారు విలువ అందులోని వెండి కంటే ఎక్కువైంది. పాలకుల ఆజ్ఞ, కొరత కలిసి దాన్ని పైకి లేపాయి. 1898కల్లా అది పదహారు పెన్నీల దగ్గర కుదురుకుంది. వెండితో పాటే కిందికి జారుతున్న హాలీకీ కల్దారుకూ మధ్య ధర ఆ దశాబ్దంలో ఏ నెలకానెల మారుతూ పోయింది. మన జిల్లాకు కష్టమైన కాలమది. ధాత కరువు మరువకముందే 1899-1900 కరువు వచ్చింది. ధాన్యం బయటి నుంచి రావాలి, దానికి కల్దార్లు కావాలి. కల్దారు ప్రియమైన రోజునే దాని అవసరమూ పెరిగింది.

దీనికి పరిష్కారంగా కొత్త శతాబ్దం మొదట్లో హైదరాబాదు ప్రభుత్వం సైఫాబాదులో యంత్రాల టంకశాల పెట్టి, 1903 నుంచి చార్మినార్ రూపాయిని తెచ్చింది. ఆ నాణెం చేతిలోకి తీసుకుని చూడదగ్గది. ఒక ముఖాన చార్మినార్ ఎత్తుగా ఉబ్బి ఉంటుంది. నడిమి కమాను ద్వారంలో ఒకే ఒక అరబ్బీ అక్షరం కూర్చుని ఉంటుంది. మహబూబ్ అలీఖాన్ కాలపుదైతే మీమ్, ఉస్మాన్ అలీఖాన్ కాలపుదైతే ఐన్. పాలకుడి తలబొమ్మ లేదు. కల్దారు మీద చక్రవర్తి తల ఉంటే, దీని మీద కట్టడం ఉంది. అక్షరం రాని మనిషికి కూడా రెండు రూపాయలను చూపుతోనే విడదీయడం సాధ్యమైంది. మన ఊరిని 1890లో ఏ ప్రభువు పేరు మీద మహబూబ్‌నగర్ అన్నారో, ఆయన పేరులోని తొలి అక్షరమే ఆ ద్వారంలో ఉండేది.

ఇప్పుడు లెక్క. చార్మినార్ రూపాయి బరువు 11.178 గ్రాములు, వెయ్యికి 818 పాళ్లు వెండి. అంటే నికరంగా 9.14 గ్రాముల వెండి. కల్దారు బరువు 11.66 గ్రాములు, అందులో నికర వెండి 10.69. మొదటిదాన్ని రెండోదానితో పోల్చి చూడండి: వంద కల్దార్ల వెండికి దాదాపు నూట పదిహేడు హాలీల వెండి సమానం. ఏడుకు ఆరు అన్న సర్కారు ధర గాలిలోంచి ఊడిపడలేదు. కొత్త నాణెంలోనే ఆ నిష్పత్తిని పోతపోశారు. పైగా ఏడు, ఆరు అంకెల్లో సులువు ఉంది. ఒక కల్దారుకు హాలీలో రూపాయి రెండణాల ఎనిమిది పైసలు, ఆరు కల్దార్లకు శేషం లేకుండా ఏడు. కానీ ఒక హాలీకి కల్దారులో ఎంత? పదమూడణాల ఎనిమిదిన్నర పైసల పైచిలుకు. అటు నుంచి ఇటు లెక్క తెగుతుంది, ఇటు నుంచి అటు తెగదు. తెగని ఆ పైసల తునకలో ఎవరు బతికారో ఇంకాసేపట్లో చూద్దాం.

మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువై 1918లో హైదరాబాదు సొంత కాగితపు నోట్ల చట్టం చేసుకుంది. లండనులోని వాటర్‌లో కంపెనీ ముద్రించిన ఆ నోట్ల మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడం, ఇంగ్లీషులో మొత్తం రాసి ఉండేది. బడిలో తెలుగుకు తగిన చోటు దొరకని రోజుల్లో నోటు మీద మాత్రం తెలుగు ఉంది. రైతు దాన్ని నమ్మాలి గదా. కాగితం వచ్చాక హాలీ విలువకు వెండి బరువు చాలలేదు, నిల్వ కావాలి. ఆర్థికమంత్రి అక్బర్ హైదరీ కాలంలో నోట్లకు ఒక నిల్వ, ఉస్మానియా సిక్కా ధర కదలకుండా కాచేందుకు మరొక నిల్వ ఏర్పడ్డాయి. వాటిలో చాలాభాగం భారత ప్రభుత్వ బాండ్ల రూపంలో ఉండేది. స్వతంత్ర నాణేనికి ఆధారం ఢిల్లీ బాండు. ఆ సంగతి అప్పట్లో ఎవరూ బిగ్గరగా చెప్పుకోలేదు.

ఆ బాండ్లు కొనడానికి కల్దార్లు ఎక్కడి నుంచి వచ్చాయన్నదే నా ఉపన్యాసంలోని అసలు ప్రశ్న.

హైదరాబాదు రాజ్యంలో గుడ్డ మిల్లులు, బొగ్గు గనులు ఉండవచ్చు గాక, దాని ఎగుమతుల్లో నూనెగింజలు, పత్తి పెద్దవి. మరాఠ్వాడా పత్తి పండించింది. తెలంగాణ ఎత్తు నేలలు ఆముదాలు పండించాయి. ఒకప్పుడు భారతదేశంలో ఆముదాలను అన్నిటికంటే ఎక్కువ పండించిన ప్రాంతం హైదరాబాదు సంస్థానమే. అందులో నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు ముందు నిలిచాయి. చెరువు కింద వరి వేసేంత నీరు లేని ఎర్రచల్కలో, ఒక వాన ఎగ్గొట్టినా బతికే మొక్క అది. దీపానికి, తలకు, బండి ఇరుసుకు వాడుకున్న ఆ గింజకే బొంబాయి రేవు నుంచి మార్సెయిల్సు, లండను దాకా గిరాకీ ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధ విమానాల తిరుగుడు ఇంజన్లకు ఆముదమే కందెన. చల్కనేల రైతుకు ఆ సంగతి తెలియదు. బొంబాయి షావుకారు కంపెనీ గుమాస్తాకు తెలుసు.

పంట కాలంలో జరిగేది ఇది. కార్తీకం దాటాక గింజ మండీకి వస్తుంది. బొంబాయి కంపెనీల దగ్గర ఉన్నవి కల్దార్లు. రైతుకు ఇవ్వవలసింది హాలీ, ఎందుకంటే అతను పట్వారీకి, మాలీ పటేలుకు శిస్తు కట్టవలసింది హాలీలోనే. కాబట్టి ఆ నాలుగైదు నెలలు అందరికీ హాలీ కావాలి. బేగంబజారు, రెసిడెన్సీ బజార్ల సావుకార్ల దగ్గర హాలీ బిగుస్తుంది. వానకాలం వచ్చేసరికి కథ తిరగబడుతుంది. ఉప్పు, కిరసనాయిలు, మిల్లు బట్ట, ఇనుప సామాను, ఇవన్నీ బ్రిటిష్ ఇలాకా నుంచి రావాలి. అప్పుడు అందరికీ కల్దార్లు కావాలి, హాలీ సడలుతుంది. సర్కారు తన నిల్వలోంచి అమ్ముతూ కొంటూ పైస్థాయిలో ధరను కాచింది. కింద, మండీలో, ఈ ఊగిసలాట పోలేదు. రైతు గింజ అమ్మేది హాలీ బిగిసిన నెలల్లో. అంటే అతని గింజకు పడే కల్దార్లు హాలీలోకి తక్కువగా మారే కాలంలో. అతను బజారులో సామాను కొనేది హాలీ సడలిన నెలల్లో. ఏడుకు ఆరు అన్న సరళరేఖకు రెండు వైపులా ఎగుడుదిగుళ్లుంటే, ఆ రెండూ రైతుకు ఎదురుగానే పడ్డాయి.

దీనికంటే పెద్ద దెబ్బ 1929 తర్వాత తగిలింది. 1927లో భారత ప్రభుత్వం కల్దారును పద్దెనిమిది పెన్నీల దగ్గర కట్టేసింది. బొంబాయి వ్యాపారులు, కాంగ్రెసు నాయకులు పదహారు పెన్నీలు చాలునని ఎంత వాదించినా వినలేదు. కల్దారు పద్దెనిమిది పెన్నీలైతే, ఏడుకు ఆరు చొప్పున హాలీ పదిహేను పెన్నీల పైచిలుకు. పాలమూరు మండీలో ఆముదాల ధర లండను నుంచి బొంబాయికి, బొంబాయి నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి ఇక్కడికి గొలుసుకట్టుగా దిగివచ్చేది. ఆర్థికమాంద్యంలో ప్రపంచమంతా గింజ ధరలు కూలాయి. 1931 సెప్టెంబరులో ఇంగ్లండు బంగారాన్ని వదిలేసింది గానీ రూపాయిని పౌను తోకకే కట్టి ఉంచింది. లండను కడ కట్టు కదలదు, హైదరాబాదు కడ కట్టు కదలదు, శిస్తు హాలీలో రాసి ఉంది కనుక అదీ కదలదు. మూడు వైపులా కట్లు బిగిసినప్పుడు కదలగలిగింది గింజ ధర ఒక్కటే. నిలకడైన మారకపు ధర అంటే మనం ఆర్థికశాస్త్ర తరగతుల్లో గొప్పగా చెప్పుకునే స్థిరత్వానికి ఇంకో ముఖం ఇది. రేటు స్థిరంగా ఉంది, బతుకు అస్థిరమైంది. దేశమంతటా పల్లెల నుంచి నగలు కరిగి బంగారం ఓడలెక్కిన సంవత్సరాలవి. మన పల్లెలు అందుకు మినహాయింపు ఎలా అవుతాయి?

ఆముదాలతో పాటు ఈ నేల ఎగుమతి చేసిన రెండో సరుకు మనిషి కష్టం. పాలమూరు కూలీ అన్న మాట ఆనకట్టల యుగంలో దేశమంతా వినిపించింది గానీ వలస అంతకు చాలా ముందుది. బొంబాయిలో కామాఠిపురా అనే పేట పేరు అక్కడికి కట్టుబడి పనులకు పోయిన తెలంగాణ కామాఠీల మీద వచ్చింది. షోలాపూరు మగ్గాల మీద, మిల్లుల్లో పనిచేసిన పద్మశాలీలు ఈ జిల్లాల నుంచి, కరీంనగరు నుంచి పోయినవారే. బొంబాయి, షోలాపూరు బ్రిటిష్ ఇలాకా. కూలి కల్దారులో. ఇంటి అప్పు, శిస్తు, పెళ్లి ఖర్చు హాలీలో. అంటే ప్రతి వలసకూలీ ఒక చిన్న విదేశీమారక వ్యాపారి అయ్యాడు, లెక్క తెలియకుండానే.

ఉదాహరణకు ఒక మనిషి ముప్పై కల్దార్లు కొంగున కట్టుకుని సంక్రాంతికి ఊరికి వచ్చాడనుకుందాం. సర్కారు ధరకు అవి ముప్పై ఐదు హాలీలు. కానీ ఖజానా తాలూకా కేంద్రంలో ఉంది, అతని ఊరు అక్కడికి ఒక రోజు నడక. ఊళ్లో సావుకారు కల్దారుకు రూపాయి రెండణాలు ఇస్తానంటాడు. ఎనిమిది పైసల గొడవ ఎందుకులెమ్మంటాడు. ముప్పై రూపాయలకు ఆ ఎనిమిదేసి పైసలు కలిపితే రూపాయి పావలా. చేతికి ముప్పైమూడు రూపాయల పన్నెండణాలు వస్తాయి. అదే మనిషి ఉగాది తర్వాత పనికి తిరిగిపోతూ దారిఖర్చుకు కల్దార్లు అడిగితే, అదే సావుకారు కల్దారుకు పందొమ్మిదణాలు చెబుతాడు. ఇందాక నేను తెగని తునక అన్నది ఇదే. సర్కారు ధర నిజమే, గజెటులో అచ్చయిందీ నిజమే. ఆ ధర దొరికే కిటికీకి ఎంత దూరంలో ఉన్నాడన్నదే మనిషికి అసలు ధర. కిటికీ దగ్గర ఉన్న జాగీర్దారుకు, బ్రిటిష్ ఇలాకా నుంచి వచ్చి కల్దారులోనే జీతం తీసుకున్న ఉన్నతోద్యోగికి ఏడుకు ఆరు దొరికింది.

నది ఒడ్డున ఇది ఇంకా ముడిపడింది. 1800లో దత్తమండలాలు, 1839లో కర్నూలు నవాబు రాజ్యం కంపెనీ చేతికి పోయాక తుంగభద్ర రెండు నాణేల సరిహద్దు అయింది. అలంపురం, గద్వాల నిజాం వైపు, నాటి రాయచూరు జిల్లాలో. 1956లో గానీ అవి మహబూబ్‌నగర్‌లో కలవలేదు. ఆవలి ఒడ్డున కర్నూలు, మద్రాసు రాష్ట్రం. పుట్టిలో నది దాటితే ఒకే భాష, ఒకే దేవుళ్లు, బంధుత్వాలు కూడా అటూ ఇటూ. మారేవి రూపాయి, క్యాలెండరు, కరోడ్‌గిరి నాకా. సరుకు విలువ మీద నూటికి ఐదు చొప్పున సుంకం నాకాలో కట్టాలి. పెళ్లికూతురికి కర్నూలు బజారులో చీర కొంటే దాని ధరకు వట్టం ఒకటి, సుంకం ఒకటి అంటుకుని ఇంటికి వచ్చేది. ఇటిక్యాలపాడు నుంచి చదువు కోసం కర్నూలు పోయిన ప్రతాపరెడ్డి గారి తరానికి ఈ నది రోజువారీ పాఠం. 1926లో ఆయన ‘గోలకొండ’ పత్రిక పెట్టినప్పుడు రెండు ఇలాకాల తెలుగువారిని ఒకే పాఠకలోకంగా చూడగలగడం వెనుక ఈ అనుభవం ఉందని నా నమ్మకం. ఇది నా ఊహే, దస్తావేజు చూపలేను.

1941లో చట్టం చేసి, 1942 ఏప్రిల్‌లో గన్‌ఫౌండ్రీలో తలుపులు తెరిచిన హైదరాబాదు స్టేట్ బ్యాంకుకు ఉస్మానియా సిక్కా నిర్వహణ అప్పగించారు. కొంత ఆలస్యమైన మంచి పని అది. యుద్ధం వచ్చి వెండి మళ్లీ మాయమైంది. అదే చార్మినార్ రూపాయిలో వెండి సగానికి దిగింది, నోట్లు గుట్టలుగా పెరిగాయి. వెండి ఆధారం పూర్తిగా కరిగిపోయినా ఏడుకు ఆరు చెక్కుచెదరలేదు. నాణెంలోని లోహం ఆ ధరను మోయడం ఎప్పుడో మానేసిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

తర్వాతి అధ్యాయం అందరికీ తెలిసిందే గనుక వేగంగా దాటుతాను, డబ్బుకు సంబంధించిన రెండు సంగతులు తప్ప. 1947 నవంబరులో భారతదేశంతో యథాతథ ఒప్పందం మీద సంతకాలైన కొద్దికాలానికే హైదరాబాదు ప్రభుత్వం భారత రూపాయి తన రాజ్యంలో చెల్లదని ఆర్డినెన్సు తెచ్చింది. ఆ రోజుల్లోనే తన దగ్గరి భారత ప్రభుత్వ బాండ్లలోంచి ఇరవై కోట్ల రూపాయలు పాకిస్తానుకు అప్పుగా ఇచ్చింది. ఢిల్లీ ఈ రెంటినీ ఒప్పందానికి విరుద్ధమంది. రాజనీతి చర్చను పక్కకు పెట్టి చూసినా, కల్దారును నిషేధించడం ఈ జిల్లా గొంతు పట్టుకున్నట్టయింది. గింజ కొనే బొంబాయి నుంచి వచ్చేది కల్దారు, వలస కొడుకు పంపేదీ కల్దారే. సార్వభౌమత్వ ప్రకటనకు అయ్యే ఖర్చు మళ్లీ చల్కనేల ఖాతాలోకే వచ్చింది. 1948 సెప్టెంబరు 17న ఆ ప్రభుత్వం లొంగిపోయింది.

మరుసటి ఏడాది ఇదే సెప్టెంబరులో ఉపఖండంలో మరో రెండు రూపాయల మధ్య తగవు రేగింది. ఇంగ్లండు వెంట భారతదేశం తన రూపాయి విలువను తగ్గించింది, పాకిస్తాను తగ్గించనంది. వంద పాకిస్తాను రూపాయలకు నూట నలభై నాలుగు భారత రూపాయలన్న ధరను ఢిల్లీ ఒప్పుకోలేదు. తూర్పు బెంగాలు జనపనార రైతుకూ కలకత్తా మిల్లుకూ మధ్య వర్తకం 1951 ఫిబ్రవరి దాకా స్తంభించింది. రెండేళ్ల కిందటి దాకా ఒకే రూపాయి వాడిన జనం వారు. హైదరాబాదులో దీనికి సరిగ్గా ఎదురుగా, వందేళ్లుగా వేరుగా ఉన్న రెండు రూపాయలను కలిపే పని అదే కాలంలో నిదానంగా సాగింది. 1950లో భారత రూపాయి ఇక్కడ హాలీ పక్కనే చెల్లుబాటైంది. 1951 నుంచి హాలీ కొత్తగా రావడం ఆగింది. పాత నోట్లను, నాణేలను ఏడుకు ఆరు చొప్పున మార్చుకుంటూ ఆ దశాబ్దం ముగిసేలోగా పూర్తిగా ఉపసంహరించారు. ఈ మధ్యలో 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. హాలీ అణా, కల్దారు అణా, నయాపైస, మూడు లెక్కలు ఒకే బుర్రలో మోసిన ఆ తరం ముసలమ్మల అంకగణితాన్ని మన విద్యాశాఖ ఎప్పుడూ పరీక్షించలేదు గానీ, అది తక్కువది కాదు.

ఇక్కడ ఒక పక్కదారి. 1959లో భారత ప్రభుత్వం గల్ఫ్ దేశాల కోసం ప్రత్యేకంగా ఒక రూపాయి ముద్రించింది. కువైటు, దుబాయి, మస్కటు బజార్లలో అదే నడిచేది. 1961లో కువైటు సొంత దినారు తెచ్చుకుంది. 1966 జూన్ 6న రూపాయి విలువ డాలరుకు నాలుగు రూపాయల డెబ్బై ఆరు పైసల నుంచి ఏడున్నరకు పడ్డాక మిగతావారూ దాన్ని వదిలేశారు. ఆ తర్వాత పదేళ్లకే తెలంగాణ కూలీలు దినార్లు, దిర్హాములు సంపాదించడానికి అదే ఎడారికి విమానాలెక్కారు. కామాఠిపురాకు పోయినవాడి మనవడు మళ్లీ మారకపు ధర అడుగుతూ కౌంటరు ముందు నిలబడ్డాడు. గజెటులో అచ్చయ్యే ధర వేరు, తన చేతికొచ్చే ధర వేరన్న సంగతి అతనికి ఎవరూ నేర్పనక్కరలేదు.

నా వాదంలో బలహీనమైన చోటు ఒకటుంది, దాన్ని మీ ముందు దాచను. సర్కారు ధర ఎంతో మనకు తెలుసు, రాజధాని సావుకార్ల ధరల జాడలూ దొరుకుతాయి. నారాయణపేటలో, ఆత్మకూరులో, కొల్లాపురంలో ఏ నెలలో రైతు చేతికి ఏ ధర పడిందన్న వరుస ఇంకా ఎవరూ తయారు చేయలేదు. నేను చెప్పిన ఊరి సావుకారు లెక్క ఉదాహరణ మాత్రమే. దానికి ఆధారాలు తార్నాక రాష్ట్ర అభిలేఖాగారంలో మాల్గుజారీ దస్త్రాల్లో ఉండవచ్చు. అంతకంటే ఎక్కువగా నారాయణపేట చీరల వర్తకుల, గద్వాల గింజ వ్యాపారుల ఇళ్ల అటకల మీది చిట్టా ఆవర్జాల్లో ఉండాలి. షోలాపూరుకు చీరలు పంపి కల్దారులో సొమ్ము తెచ్చుకున్నవారు తేదీ, హుండీ మొత్తం, మార్చిన ధర రాయకుండా ఉండరు. ఈ సభలో చరిత్ర, ఆర్థికశాస్త్రం చదివే విద్యార్థులు చాలామంది కనిపిస్తున్నారు. ఫసలీ తేదీలను ఇంగ్లీషు తేదీల్లోకి మార్చడం, మోడీ లిపి, ఉర్దూ షికస్తా రాత చదవడం తెలిసిన పెద్దలు ఈ పట్టణంలో ఇంకా కొందరున్నారు. వారి దగ్గర కూర్చుని, ఒక్క కుటుంబపు ఒక్క దశాబ్దం ఆవర్జా తీసుకుని, ప్రతి పద్దు పక్కన సర్కారు ధరను రాస్తూ పోతే, ఆ రెండు నిలువు వరుసల మధ్య తేడాయే ఈ జిల్లా ఎన్నాళ్లుగానో కడుతూ వచ్చిన పన్ను ఎంతో చెబుతుంది. ఆ పనికి పూనుకునేవారికి నా దగ్గరున్న కొద్దిపాటి నాణేల, నోట్ల సేకరణను, రాసుకున్న పట్టికలను ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాను.